పరిమితి పెంచుతామంటే ఏమనాలి?

(మార్కాపురంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా బతికినవాణ్ణి గనుక అంకెల సంగతే మాట్లాడతాను.

గత నెలలో బ్యాంకువారి నుంచి సందేశం వచ్చింది. నా క్రెడిట్ కార్డు పరిమితి 50,000 రూపాయల నుంచి 1,50,000కు పెంచుతారట, నేను సరేనంటే చాలునట. మర్నాడు ఒక అమ్మాయి ఫోను చేసి, "మీరు మంచి కస్టమరు సార్" అన్నది. నా సర్వీసు మొత్తంలో ఏ ఆఫీసరూ నన్నంత మెచ్చుకోలేదు.

మా ఇంటావిడ ఒప్పుకోమన్నది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. రెండేళ్ల కిందట అర్ధరాత్రి నాకు గుండెనొప్పి వస్తే ఒంగోలు తీసుకుపోయారు. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు. కార్డులో ఉన్న 50,000 గీకేశారు, మిగతాది మా అల్లుడు స్నేహితుల దగ్గర సర్దాడు. "అటువంటి రాత్రి మళ్లీ వస్తే?" అని ఆమె ప్రశ్న.

నేను ఆనాటి బిల్లులు తీసి చూపించాను. మొదటి నెల 10,000 కట్టాను. మెడికల్ రీయింబర్సుమెంటు వస్తుంది గదా అని, మరుసటి నెల "కట్టవలసిన కనీస మొత్తం" అని ఉన్న 2,000 మాత్రం కట్టి ఊరుకున్నాను. ఆ నెలకు బాకీ అంతేననుకున్నాను! జీవితమంతా ఫైళ్లు చదివినవాణ్ణే. 40,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ 1,400. ఆ వడ్డీ మీద జి.ఎస్.టి. 18 శాతం, 252. నేను కట్టిన దానిలో అసలుకు చేరింది ఇంచుమించు 350 రూపాయలు. పైగా బాకీ మిగిలి ఉండగా కొన్న బి.పి. మాత్రలకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడింది. బజారులో మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అని వెనక్కి వస్తాం. కార్డుది మూడున్నర రూపాయల వడ్డీ.

పరిమితి పెరిగితే సిబిల్ స్కోరు బాగుంటుందని కూడా ఆ అమ్మాయి చెప్పింది. నిజమే కావచ్చు. కొత్తగా ఇంటి అప్పు తీసుకునే వయసా మనది?

మనం స్పష్టంగా ఒప్పుకోనిదే పరిమితి పెంచరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. కనుక జవాబివ్వకపోతే ఏమవుతుందోనన్న భయం వద్దు. పరిమితి పెంచుతామంటూ మోసగాళ్లూ ఫోను చేస్తున్నారు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి, సందేశంలోని లింకు నొక్కకండి, బ్రాంచికే వెళ్లి అడగండి.

నేను వద్దన్నాను. దాచుకున్న లక్ష రూపాయలను సేవింగ్సు ఖాతాకు ముడిపెట్టిన డిపాజిట్టుగా వేసి, అవసరమైనప్పుడు ఖాతాలోకి వచ్చే ఏర్పాటు చేయించాను. ఏ.టి.ఎం. కార్డు వాడడం ఆమెకు నేర్పుతున్నాను.

అంత సొమ్ము చేతిలో లేనివారు, ఇంట్లో రోగి ఉన్నవారు పెంచుకుంటే తప్పనను. అయితే తిరిగి ఎవరు కడతారో, ఎన్ని నెలల్లో కడతారో పిల్లలతో ముందే మాట్లాడుకోవాలి. ఆన్‌లైను వాడకం ఆపుకునే వీలు, ఒక్కో లావాదేవీకి హద్దు పెట్టుకునే వీలు 2020 నుంచి కార్డుదారుకే ఉన్నాయి. అవీ వాడుకోండి.

మా ఇంటావిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర కనబడుతుంది, అడిగితే రెండో పక్షం వినిపిస్తుంది. సెలవు.