విదేశాల్లో పెరిగితే వేరే సంస్కృతి మీద ప్రేమ వస్తుందా?



చిన్నప్పటి నుంచి దేశాలు తిరుగుతూ పెరిగిన పిల్లలకి వేరే సంస్కృతుల మీద సహజంగానే ప్రేమ పుడుతుందా? ఈ రోజు టాపిక్ ఇదే. మా గుంటూరు వైపు ఇది దాదాపు ప్రతి ఇంటి ప్రశ్న. వీధిలో ఒకరిద్దరైనా డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. వాళ్ళ పిల్లలు పదేళ్ళకే మూడు నాలుగు దేశాలు చూసేస్తారు. నాకేమో బీటెక్ అయ్యి, ఉద్యోగంలో చేరి, ఆన్‌సైట్ వచ్చేదాకా పాస్‌పోర్ట్ మీద ఒక్క స్టాంప్ పడలేదు. సరే, మన ప్రాంతం చరిత్రలోంచే ఇద్దరు మనుషుల గురించి చెప్తాను, వినండి.

మొదటాయన మీకు తెలిసినవాడే, సి.పి. బ్రౌన్. ఇంగ్లీషు దొర అంటాం కానీ ఆయన పుట్టింది కలకత్తాలో, 1798లో. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతబోధకుడు, చాలా భాషలు వచ్చినవాడు. పిల్లలకి ఇంట్లోనే హిందుస్తానీ, పర్షియన్, అరబిక్ లాంటివి నేర్పించాడు. అంటే మన బ్రౌన్ చెవికి చిన్నప్పుడే పరాయి మాట అలవాటైపోయింది. 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాడు, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత కడపలో సొంత ఖర్చుతో పండితుల్ని పెట్టుకుని, పాడైపోతున్న తాళపత్రాలకి నకళ్ళు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. నిఘంటువు సంగతి మీకు తెలిసిందే.

కానీ నాకు ఇంకా గొప్పగా అనిపించేది వేరే ఉంది. 1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువొచ్చింది. డొక్కల కరువు అంటారు, పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. పై అధికారులు దాన్ని ‘కొరత’ అని సరిపెట్టాలని చూస్తే, బ్రౌన్ మాత్రం కరువుని కరువనే రాశాడు. ప్రేమ అంటే పండగకి పట్టుపంచె కట్టుకుని ఫోటో దిగడం ఒక్కటే కాదు కదండీ. ఎదుటివాడి కష్టాన్ని దాని అసలు పేరుతో పిలవగలగాలి.

రెండో ఆయన పేరు చాలామంది విని ఉండరు. రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్. మిషనరీ దంపతుల కొడుకు, మన దేశంలోనే పుట్టి పెరిగాడు. తర్వాత అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్ అయ్యాడు. ప్రపంచంలో ఇన్ని దేశాలుండగా ఆయన మొదటి పెద్ద పుస్తకం దేని మీద రాశాడో తెలుసా? గుంటూరు జిల్లా మీద! 1788 నుంచి 1848 దాకా జిల్లా చరిత్ర అది, 1965లో వచ్చింది.

అసలు పాయింట్ ఆ పుస్తకంలోనే ఉంది. ఆ అరవై ఏళ్ళలో గుంటూరుకి దొరలు ఒకరి తర్వాత ఒకరు కలెక్టర్లుగా వచ్చారు. వాళ్ళూ దేశం దాటి వచ్చినవాళ్ళే. కానీ తమ కచేరీలో ఏం జరుగుతోందో వాళ్ళకే సరిగ్గా తెలిసేది కాదు. అసలు లెక్కలు గ్రామ కరణాల దగ్గర, కచేరీలో పాతుకుపోయిన ఉద్యోగుల దగ్గర ఉండిపోయేవి. చివరికి 1840లలో వాల్టర్ ఇలియట్‌ని పంపి విచారణ చేయించాల్సి వచ్చింది.

సో, సముద్రం దాటి వచ్చినంత మాత్రాన ఏమీ కాదు. బంగళాలో కూర్చుంటే ఇరవై ఏళ్ళున్నా బంగళానే తెలుస్తుంది. ఊరు తెలియాలంటే భాష రావాలి, ఊళ్ళోవాళ్ళు ఇంట్లోకి రానివ్వాలి. బ్రౌన్‌కి ఒక కోదండరామ పంతులు దొరికాడు. అది మర్చిపోకూడదు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే మాట చెప్తాను. మన పొలాల దగ్గరికే ఏటా తిరుగుతూ పెరిగే పిల్లలు వస్తారు. వాళ్ళని మనం ఈ లెక్కలో వేసుకోం. మిరప కోతల సీజన్‌లో కర్నూలు పడమటి వైపు నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు గుంటూరు, పల్నాడు, ప్రకాశం పొలాలకి వలస వస్తాయి. చేను పక్కనే గుడారం. స్కూలు మధ్యలోనే ఆగిపోతుంది. అక్కడ చాలామందికి కన్నడం కూడా వచ్చు. అంటే ఆ పిల్లాడికి రెండు భాషలు, రెండు ప్రాంతాలు, రెండు రకాల తిండి తెలుసు. డాలస్ పిల్లాడికైతే దీన్నే ‘ఎక్స్‌పోజర్’ అంటాం. కోసిగి పిల్లాడి యాస విని మనవాళ్ళ పిల్లలు నవ్వుతారు. ఆ పిల్లాడికి మన ఊరి మీద ప్రేమ ఎలా పుడుతుంది చెప్పండి?

మిరపకాయ కూడా మనది కాదండీ. అమెరికా ఖండాల వైపు పుట్టి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. ఇక్కడి నేల చోటిచ్చింది కాబట్టి ఇప్పుడు దాని పేరు ముందు గుంటూరు ఉంది. కాయకి ఇచ్చిన చోటు ఆ కాయ కోసే మనిషి పిల్లలకి ఇవ్వలేమా?

అందుకని నా మాట ఇది. బయటి నుంచి పిల్లలు వచ్చినప్పుడు వాళ్ళని ఏసీ గదిలో ట్యాబ్ ఇచ్చి కూర్చోబెట్టకండి. కల్లానికి తీసుకెళ్ళండి. తాలుకాయ అంటే ఏంటో, టిక్కీ అంటే ఏంటో చేత్తో పట్టుకుని చూడనివ్వండి. తప్పులు మాట్లాడితే నవ్వకుండా సరిచేయండి. అక్కడే ఆ కోసిగి పిల్లాడుంటే ఇద్దరినీ కలిపి ఆడుకోనివ్వండి. ఆ పిల్లాడి బడి ఆగిపోయిందేమో అడగండి, దగ్గర్లో ఉన్న స్కూలు హెడ్‌మాస్టర్‌తో ఒక మాట చెప్పండి.

తిరిగిన దేశాలు పాస్‌పోర్ట్‌లో ఉంటాయి. రానిచ్చిన ఇల్లు మాత్రం మనసులో ఉంటుంది.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ సెలవు, నమస్తే.