విశ్రాంత జీవితంలో కుక్కపిల్ల: ఎంపిక, శిక్షణ

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక, మన సభ్యుల్లో ఎవరింట్లో కుక్కపిల్ల అడుగుపెట్టినా నాకు కబురొస్తుంది. ఈమధ్య ఆ కబుర్లు ఎక్కువయ్యాయి. పిల్లలు ఉద్యోగాల కోసం దూరదేశాలు వెళ్ళారు. పెద్ద ఇంట్లో ఇద్దరమో, ఒక్కరమో మిగిలాం. సెలవులకు వచ్చిన అబ్బాయి “మీకు తోడుగా ఉంటుంది నాన్నా” అని ఒక లాబ్రడార్ పిల్లను కొనిపెట్టి విమానం ఎక్కుతాడు. ఏడాది తిరిగేసరికి అది 30 కిలోల దగ్గరికి వస్తుంది. నాన్నగారికేమో మోకాళ్ళ నొప్పులు. పొద్దున షికారులో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకు అర్థం కాదు. నవ్వులాట కాదు సుమండీ. ఈ వయసులో ఒక్కసారి గొలుసు లాగి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది.

అందుచేత కుక్కపిల్లను చూడకముందే ఒక చిన్న లెక్క వేసుకోవాలని మనవి. కుక్క సామాన్యంగా 10 నుంచి 14 ఏళ్ళు బతుకుతుంది. 68వ ఏట పిల్లను తెచ్చుకుంటే అది ముసలిదయ్యే నాటికి మనకు 80 దాటుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. పింఛను కాగితాల్లో కుటుంబ పింఛను ఎవరికో రాసి ఇచ్చాం కదా, అలాగే “మా తర్వాత ఈ కుక్క ఎవరింటికి?” అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఆర్నెల్లు అమెరికా వెళ్ళి రావలసివస్తే ఎవరు చూస్తారన్నదీ అంతే. వాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాకే పిల్లను తేవాలి. పదేళ్ళు పరుపు మీద పడుకున్న కుక్క ఒక్కరోజులో వీధిన పడితే బతకలేదు. లెక్క కుదరనివారికి మరో దారి ఉంది. మూడు, నాలుగేళ్ళ పెద్దకుక్కను తెచ్చుకోండి. దాని స్వభావం అప్పటికే తెలిసిపోతుంది, పెంపకపు అల్లరీ తప్పుతుంది.

ఇక జాతి సంగతి. దట్టమైన బొచ్చున్న హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటివి చలిదేశాల కుక్కలు. మన మే నెల ఎండల్లో వాటిని పెంచడం వాటికి శిక్ష, మన కరెంటు బిల్లుకూ శిక్షే. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలు వేడికి ఊపిరాడక అవస్థ పడతాయి. గ్రామసింహం అని మనం హాస్యంగా పిలిచే నాటు కుక్క ఈ వాతావరణంలో పుట్టి పెరిగినది. మధ్యరకం ఒళ్ళు, పొట్టి వెంట్రుకలు, తెలివి, తక్కువ ఖర్చు. నన్నడిగితే పెన్షనరు ఇంటికి అంతకంటే తగినది లేదు.

పిల్లను ఎంచేటప్పుడు వీలైతే తల్లిని చూడండి. మనుషుల దగ్గర తల్లి నెమ్మదిగా ఉంటే పిల్లల మీద కొంత భరోసా. ఎనిమిది వారాలు నిండకుండా తేవద్దు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అంతకంటే చిన్నపిల్లను అమ్మకూడదు కూడా. తల్లి, తోబుట్టువుల మధ్య ఆ వారాల్లోనే అది ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పో నేర్చుకుంటుంది. అందరినీ తోసుకుని మీద పడేదాన్నీ, మూలన నక్కి వణికేదాన్నీ వదిలి, పిలిస్తే వచ్చి వాసన చూసేదాన్ని తీసుకోండి. కళ్ళలో పుసి ఉండకూడదు. చిగుళ్ళు గులాబిరంగులో ఉండాలి. ఒళ్ళు బక్కగా, పొట్ట ఉబ్బుగా ఉంటే నట్టలున్నట్టు అనుమానించాలి. వెనకనుంచి చప్పట్లు కొట్టి వినికిడి చూడండి.

ఇంటికి తెచ్చిన వారంలోనే పశువైద్యునికి చూపించి, నట్టల మందు, టీకాల తేదీలు రాయించుకోవాలి. పార్వో అనే జబ్బు వాంతులు, నెత్తుటి విరేచనాలతో మొదలై రెండు మూడు రోజుల్లోనే పిల్ల ప్రాణం తీయగలదు. దానికి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు, నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా ఇస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు. తర్వాత వైద్యులు చెప్పిన గడువుకు మళ్ళీ మళ్ళీ వేయించాలి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే దాని టీకా పుస్తకం కూడా తీసి చూసుకుంటే మరచిపోము.

తిండి విషయంలో ఒక్కమాట. ఎదిగే పిల్లకు ఒట్టి పెరుగన్నం చాలదు. ఉడికించిన గుడ్డో, ఎముకల్లేని మాంసమో కావాలి. మనవడు ముద్దుగా పెట్టే చాక్లెట్టు, పాయసంలోని కిస్‌మిస్, కూరలోని ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకు విషంతో సమానం. ఉడికిన ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇప్పుడు శిక్షణ. కుక్క తోక వంకర అంటాం. తోక మాట ఎలా ఉన్నా, నడవడి మాత్రం మన చేతిలోనే ఉంది. మొదటి సూత్రం: ఇంటిల్లిపాదిదీ ఒకే మాట. తాతగారు “కూర్చో” అని, బామ్మగారు “కూకో” అని, మనవడు “సిట్” అని అంటే పాపం దానికి మూడు భాషలు రావాలి. తాతగారు సోఫా ఎక్కవద్దంటే, బామ్మగారు ఎక్కించుకుంటే, కుక్కకు తెలిసేది ఒక్కటే: ఇంట్లో రూలు లేదని.

రెండోది: మెచ్చుకోలు వెంటనే ఇవ్వాలి. చెప్పినట్టు చేసిన మరుక్షణం చిన్న తినుబండారమో, తల నిమరడమో. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి తెలియదు. శిక్ష సంగతీ ఇంతే. ఎప్పుడో తడిపిన చోట ముక్కు రుద్దడం, చీపురు తిరగేయడం వల్ల అది నేర్చుకునేది భయం ఒక్కటే. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక ఒకే చోటికి తీసుకెళ్ళి, అక్కడ పని కానిచ్చాక మెచ్చుకోండి. ఓపిక పడితే వారాల్లో అలవాటవుతుంది.

మూడోది: పాఠం ఐదు నిమిషాలు దాటకూడదు. రోజుకు మూడు, నాలుగుసార్లు చాలు. ముందు తన పేరు, తర్వాత “రా”, “కూర్చో”, “వదులు”. ఈ నాలుగూ వస్తే ఇల్లు ప్రశాంతం. ఆటలో కరిస్తే ఆట ఆపి లేచిపోండి. నడకలో లాగితే నిలబడిపోండి. గొలుసు వదులైతేనే అడుగు వేయండి. గొలుసును మణికట్టుకు మాత్రం ఎన్నడూ చుట్టుకోవద్దు.

నాలుగోది, చాలామంది వదిలేసేది. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా పిల్ల మనసు లేత మట్టి. ఆ రోజుల్లో చూసిన చేతికర్ర, వీల్‌చైర్, పాలవాడు, పసిపిల్లలు, కుక్కర్ విజిల్ జీవితాంతం దానికి మామూలు సంగతులవుతాయి. టీకాలు పూర్తికాలేదు గనుక నేలమీద దించకుండా, చంకనెత్తుకుని వీధి చూపించండి. గేటుకు రోజంతా కట్టేసి పెంచిన కుక్క పిరికిదీ, కోపిష్టిదీ అయ్యే ప్రమాదముంది. అది మంచి కాపలా కాదు.

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైనది. “చిన్నపిల్లే కదా, పంటి గాటే కదా” అని ఊరుకోవద్దు. పిల్లకైనా రేబిస్ ఉండవచ్చు. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు వైద్యం లేదన్నంత ప్రాణాంతకం. సకాలంలో టీకా వేయించుకుంటే పూర్తిగా తప్పించుకోవచ్చు. గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం అద్దవద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల రోజులు పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు.

రిటైరైన మనకు టైము ఉంది, ఓపిక నేర్చిన వయసూ ఉంది. కుక్కపిల్లకు కావలసినవి ఈ రెండే. ఒంట్లో శక్తి ఎంత, మన తర్వాత చేయి పట్టేది ఎవరు అన్నవి సరిచూసుకుని తెచ్చుకున్నవారికి అది నిజంగా తోడవుతుంది.