ముసురు రోజుల్లో పసిబిడ్డతో

(సంఘం వార్షిక సమావేశం సందర్భంగా మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవారు ఆడపిల్లల చదువు గురించీ, వరకట్నం గురించీ మంచి మాటలు చెప్పారు. వాటి పక్కన నా విషయం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ముసురు పట్టి నాలుగు రోజులు గడప దాటలేనప్పుడు, ఏడాది దాటి మూడేళ్ళు నిండని బిడ్డను, చేతిలో డబ్బు లేకుండా ఎలా ఆడించాలి? అంతే. ఇది చిన్న విషయమో పెద్ద విషయమో ఆ నాలుగు రోజులు గడిపిన తల్లినడిగితే చెబుతుంది.

మన నెల్లూరు వైపు వానల సంగతి మీకు తెలిసిందే. పైజిల్లాలవాళ్ళకు జూన్‌లో మొదలవుతాయి. మనకు అసలు వానలు అక్టోబరు నించి డిసెంబరు దాకా. పగలు పొట్టి, గాలి చలి, పైన వాన. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ఇక ఎండ మొహం చూడం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు మనల్ని నానబెట్టినప్పుడు ఇళ్ళల్లో ఎలా ఉండిందో గుర్తు చేసుకోండి. కూలిపని ఆగిపోతుంది. తోపుడుబండి మీద పళ్ళమ్మేవాడికి బేరం ఉండదు. టైలరు కొట్టుకు మనిషి రాడు. ఒకటిన్నర గది ఇల్లు, దండెం మీద ఆరని గుడ్డలు, అందరూ లోపలే. అందులో బిడ్డ పొద్దున్నే ఆరింటికి లేచి కూర్చుంటాడు. పదకొండయ్యేసరికి చంక దిగడు, రాగం ఆపడు. సాయంత్రానికి ఎవరిదో ఒకరి చెయ్యి లేస్తుంది. ఎందుకు కొట్టారో రెండేళ్ళవాడికి తెలియదు. నిజానికి వాడు తప్పేమీ చెయ్యలేదు కూడా. ఆ చెయ్యి లేవకుండా చూసుకోవడం గురించే ఈవేళ నేను మాట్లాడేదంతా.

అంగన్‌వాడీ ఉంది గదా అంటారు. 1975లో మొదలైన ఆ పథకం వల్ల మన బీద ఇళ్ళకు చాలా మేలు జరిగింది, కాదనను. కాని అక్కడ ఆటపాటల బడి మూడేళ్ళు నిండినవాళ్ళకు. అంతకంటే చిన్నవాళ్ళకు పౌష్టికాహారం ఇస్తారు, బరువు తూస్తారు, టీకాలు చూస్తారు. ఆటకు మాత్రం వాళ్ళకు ఇల్లే గతి.

బొమ్మ కొనిస్తే తీరుతుందనుకోవడం వట్టి భ్రమ. ఈ వయసు బిడ్డ ఒక వస్తువు మీద అయిదు నిమిషాలు, బాగా నచ్చితే పది నిమిషాలు నిలుస్తాడు. అది వాడి లోపం కాదు, వయసు లక్షణం. రోజంతా ఆడించే బొమ్మ ఏ అంగట్లోనూ దొరకదు, మూడొందలు పెట్టినా మూడువేలు పెట్టినా. పైగా వాడికి బొమ్మ గిన్నె వద్దు, మీరు తోముతున్న గిన్నే కావాలి. బొమ్మ చీపురు వద్దు, మీ చేతిలో ఉన్నదే కావాలి. మనం ఇంటిపని ఒక పక్క, బిడ్డను ఆడించడం ఒక పక్క పెట్టుకుని, 'వీడు పని చేసుకోనివ్వడం లేదు' అని విసుక్కుంటాం. వాడికి ఆ రెండూ ఒకటే. పనిలో వాడికో వాటా ఇచ్చేస్తే సగం గొడవ తీరుతుంది.

ఎలాగంటే – చపాతీలకు పిండి కలుపుతున్నారనుకోండి. నిమ్మకాయంత ముద్ద తీసి, చుక్క నూనె రాసి, వాడి ముందు ఒక పళ్ళెం బోర్లించి ఇవ్వండి. చిటికెడు పసుపు కలిపితే ఇంకా సంతోషం. గుద్దుతాడు, సాగదీస్తాడు, వేలితో గుంటలు పెడతాడు, మీరు వత్తుతుంటే చూసి వాడూ వత్తుతాడు. చెంచాతో ముద్రలు వేస్తాడు. పావుగంట ఖాయం. ఉప్పు ఎక్కువ వేసి గట్టిపిండి చేసి దాచుకోవచ్చని కొందరంటారు. చిన్నవాళ్ళకు అది వద్దు. నోట్లో పెట్టుకుంటారు, అంత ఉప్పు వాళ్ళకు మంచిది కాదు. పచ్చిపిండి కూడా మింగకుండా ఓ కన్ను వేసి ఉంచాలి.

కూర తరిగేటప్పుడు కత్తిపీటకు దూరంగా కూర్చోబెట్టి, బుట్టలోని ఉర్లగడ్డలు ఒక గిన్నెలోకి, ఎర్రగడ్డలు ఒక గిన్నెలోకి వెయ్యమనండి. ఒకటి వేసి రెండు తీస్తాడు, తియ్యనీండి. వేస్తున్నప్పుడు పేర్లు చెప్పండి. మన ఇళ్ళల్లో ఇది మరీ బాగుంటుంది. దాదీమా 'ఆలూ' అంటుంది, పక్కింటావిడ 'ఉర్లగడ్డ' అంటుంది. రెండు భాషలు నేర్పితే పిల్లకాయలు తికమకపడతారని కొందరికి అనుమానం. ఏమీ పడరు. ఏ మాట ఎవరితో అనాలో మూడేళ్ళకల్లా వాళ్ళే తేల్చుకుంటారు. ఆరిన గుడ్డలు మడతపెట్టేటప్పుడు చేతిరుమాళ్ళు వాడివి. వాకిట్లో చెప్పులు జత చెయ్యడం వాడిది. అబ్బా చెప్పు ఏది, ఆపా చెప్పు ఏది అని అడగండి, ఇంటిల్లిపాదినీ చెప్పుల్ని బట్టి గుర్తుపడతాడు. పని ఆలస్యం అవుతుందంటారా? అవుతుంది. కాని ముసురు రోజున తొందరగా ముగించుకుని వెళ్ళేదెక్కడికి?

రెండోది కాళ్ళు. ఇది చాలామంది మరిచిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల గురించి కొన్ని సూచనలు ప్రకటించింది. ఏడాది దాటిన బిడ్డ రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు, ఒళ్ళు కదిలిస్తూ ఉండాలని అందులో ఉంది. ఎండ కాసే రోజున వీధిలో తెలియకుండానే ఆ మూడు గంటలూ అయిపోతాయి. వానరోజున కావు. ఆ తిరగని తిరుగుడంతా సాయంత్రానికి ఏడుపై బయటికొస్తుంది. కాబట్టి పొద్దున్నే, ఇంకా చిరాకు మొదలవకముందే, ఒళ్ళు అలిసే ఆట పెట్టాలి. తలగడలు వరసగా పరిచి దాటించండి. చాపను చుట్టచుట్టి దూకించండి. దుప్పటి మీద కూర్చోబెట్టి గది ఈ మూల నించి ఆ మూలకు లాగండి. ఉప్పుమూట మోసినట్టు వీపున వేసుకుని నాలుగు చుట్లు తిరగండి. పాత పేపరు ఉండచుట్టి బంతి చేస్తే గోడకు తగిలినా ఏమీ పగలదు. ఆ పేపరునే చింపమని ఇవ్వండి. చింపడమంత ఇష్టమైన పని ఈ వయసులో ఇంకొకటి లేదు. తర్వాత ఆ ముక్కలన్నీ ఏరి అట్టపెట్టెలో వెయ్యడం ఇంకో ఆట. కిరాణా కొట్లో అడిగితే పెద్ద అట్టపెట్టె ఇస్తారు. అదొక్కటీ పొద్దున బస్సు, మధ్యాహ్నం ఇల్లు, సాయంత్రం దాగుడుమూతల చోటు అవుతుంది.

దీనికంతా చదువుకున్నవాళ్ళు పెద్ద పెద్ద పేర్లు పెడతారు గాని, ఇది మనకు కొత్త కాదు. మదీనాలో ఆషూరా ఉపవాసం నాటి సంగతి రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పగా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో నమోదై ఉంది. అక్కడి తల్లులు ఉన్నితో బొమ్మలు చేసి దగ్గర పెట్టుకునేవారట. అన్నానికి ఏడ్చిన పిల్లల చేతికి ఆ బొమ్మ ఇచ్చి ఇఫ్తార్ వేళదాకా ఆడించేవారట. కొన్న బొమ్మ కాదు, ఇంట్లో మిగిలిన ఉన్ని. చిన్నప్పటి హజ్రత్ ఆయిషా (రజి) ఆటవస్తువుల్లో గుడ్డపేలికలతో రెక్కలు కట్టిన గుర్రం ఒకటి ఉండేదని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె ఎదురడిగింది. ఆయన నవ్వారు. ఆ అడగడం, ఆ నవ్వడం – మన ఇళ్ళల్లో కరువైంది అదే. టైలరు కొట్టులో మిగిలిన పేలికలు సంచెడు తెచ్చుకోవచ్చు, ఒంటి మేజోడుకు రెండు కళ్ళు కుట్టి చేతికి తొడుక్కుంటే అది మాట్లాడుతుంది. గుండీలు పెట్టి కుట్టకండి, దారంతోనే కుట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక ఫోను. చేతికి ఇస్తే నోరు మూస్తాడు, అది నిజమే. అన్నం ముద్ద కూడా ఫోను చూస్తూనే మింగుతున్నారు. ఇందాక చెప్పిన సూచనల్లోనే, ఏడాది బిడ్డకు తెర అసలు వద్దనీ, రెండేళ్ళు నిండాక కూడా రోజుకు గంట మించకూడదనీ, ఎంత తక్కువైతే అంత మేలనీ ఉంది. నేను చూసిన దాన్ని బట్టి ఇంకో మాట చెబుతాను. ఫోను ఇవ్వడం తేలిక, తీసుకోవడం కష్టం. పది నిమిషాల నిశ్శబ్దానికి అరగంట ఏడుపు వడ్డీ కట్టాలి. తల్లికి జ్వరమొచ్చి లేవలేని రోజున కాసేపు ఇచ్చారనుకోండి, నేనేమీ అనను. ఇల్లంతా మనుషులుండగా ఇవ్వడమే అన్యాయం.

ముసురుకు కరెంటు పోవడం మామూలు. అది మాత్రం పిల్లలకు పండగ చెయ్యవచ్చు. మంచానికీ కిటికీ ఊచకూ పాత దుపట్టా కట్టి కింద చాప వేస్తే గుడారం. లోపల టార్చిలైటు. గోడ మీద చేతుల నీడతో కుందేలు, పక్షి, కుక్క. అవే బొమ్మలు వందసార్లు వేసినా మళ్ళీ వెయ్యమంటారు. ఇక్కడ నానీమాలు, దాదీమాలు ముందుకు రావాలి. 'మోకాళ్ళు నొప్పి, నావల్ల కాదు' అనే పెద్దవాళ్ళు కూడా కూర్చున్నచోట నించే ఇది చెయ్యగలరు. ఇంటికి సంబంధించిన కథే చెప్పండి. మీ అబ్బా చిన్నప్పుడు ఏం చేశాడు, పాత ఇంట్లో మేకపిల్ల ఎలా ఉండేది, ఇవి చాలు.

వానను చూసి మరీ భయపడనక్కర్లేదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చినుకు వల్ల కాదు. తలుపులన్నీ బిగించి పదిమందిమి ఒకే గదిలో ఊపిరి పీల్చుకుంటున్నాం కాబట్టే ఈ రోజుల్లో జలుబు ఎక్కువ తిరుగుతుంది. వాన తగ్గినప్పుడు ఓ పది నిమిషాలు వరండాలోకి తీసుకురండి. చూరు నించి కారే నీళ్ళకు ఒక స్టీలు గిన్నె, ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఏది ఎలా మోగుతుందో వినిపించండి. పళ్ళెంలో నీళ్ళు పోసి కాగితం పడవ వదలండి. తర్వాత ఒళ్ళు తుడిచి పొడిబట్ట తొడిగితే సరి. వీధిలో నిలిచిన నీళ్ళలోకి మాత్రం దింపకండి, అవి కాలవలోంచి పొంగిన నీళ్ళు.

ఇందాక గుండీల సంగతి చెబుతానన్నాను. ఈ వయసు బిడ్డకు నోరే మూడో చెయ్యి. నోట్లో పట్టే ప్రతి వస్తువూ గొంతులో అడ్డంపడగలదు – గుండీ, వేరుశనగపప్పు, చింతగింజ, రూపాయి బిళ్ళ. చింతగింజలు సీసాలో పోసి గిలక చేస్తే బాగా మోగుతుంది, కాని మూత బిగించి పైన గట్టిగా టేపు చుట్టాలి. రిమోట్లలో, లైటు వెలిగే చవక బొమ్మల్లో ఉండే బిళ్ళలాంటి బ్యాటరీ అన్నిటికంటే చెడ్డది. మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. అనుమానం వస్తే చాలు, తెల్లారనీ అనుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. వాన రోజుల్లో బకెట్లన్నీ నింపి పెట్టుకుంటాం. తలకిందులైన పసిబిడ్డ మునగడానికి రెండంగుళాల నీళ్ళు చాలు. మూతపెట్టండి, లేదా స్నానాలగది తలుపు గొళ్ళెం వెయ్యండి. చలి అని బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకోవడం ప్రాణాంతకం. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

మగవాళ్ళకు ఒక మనవి. వెనక కుర్చీల్లో కొందరున్నారు కాబట్టే చెబుతున్నాను. చలిగాలి, వాన ఉన్న రాత్రి ఇళ్ళల్లోనే నమాజు చేసుకోమని అజాన్‌లో ప్రకటించే వెసులుబాటు దైవప్రవక్త (స) ఇచ్చారు. ఆయన మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేసేవారనీ, సజ్దాకు దించి లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారనీ హదీసుల్లో ఉంది. పని లేక ఇంట్లో ఉన్న రోజున బిడ్డను గంటసేపు ఎత్తుకోవడం వల్ల మన మర్యాదకు వచ్చే లోటేమీ లేదు. ఆ గంటలో తల్లి కాస్త కన్ను మూస్తుంది. సాయంత్రం లేచే చెయ్యి ఆ నిద్రతోనే ఆగుతుంది.

కార్యవర్గంవారికి కూడా ఒకటి అడిగి కూర్చుంటాను. మన సంఘం హాలు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. అక్టోబరు నించి డిసెంబరు దాకా, ముసురు పట్టిన రోజుల్లో జొహర్ తర్వాత రెండు గంటలు చిన్నపిల్లల తల్లులకు తెరిచి ఉంచితే బాగుంటుంది. ఇరుకు గదుల్లో పరిగెత్తలేని బిడ్డలు అక్కడ పరిగెత్తుతారు. ఖర్చంటూ ఏమీ లేదు. చాపలు హాల్లో ఉన్నవే, అట్టపెట్టెలు నేను తెస్తాను, పేలికలు మన టైలర్లు ఇస్తారు. గోడకు కిందుగా ఉన్న ప్లగ్గులకు మూతలు వేయించాలి, వెనక నీళ్ళ తొట్టికి పలక వేయించాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మీరు నిర్ణయించండి. మా వీధిలోవాళ్ళ దగ్గర ఉంచినా సరే, రోజూ తెరిచి మూసే పూచీ మాది.