అసత్యప్రచారము – ప్రభుత్వముల ప్రత్యుత్తరము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున జ్ఞానదీపము నారిపోనీయక కాపాడుకొని వచ్చిన మీకందఱకును నా అభినందనములు. పరదేశములు పన్ను అసత్యప్రచారమును ప్రభుత్వము లెట్లెదుర్కొనుచున్నవో చెప్పదలచితిని. గ్రంథాలయ సభలో ఈ ప్రసక్తి యేల యని కొందఱకు తోపవచ్చును. కాని నేను చెప్పబోవు కథ ఒక వార్తాపత్రికలో అచ్చైన ఉత్తరముతో మొదలైనది. అదియు మన దేశపు పత్రికయే.

1983 జూలైలో, ఢిల్లీనుండి ఆనాడు వెలువడుచుండిన 'పేట్రియట్' అను ఆంగ్ల దినపత్రికలో ఒక లేఖ ప్రకటింపబడెను. వ్రాసినవాని పేరు లేదు. అమెరికాలో పేరొందిన శాస్త్రజ్ఞుడ నని మాత్రము చెప్పుకొనెను. ఎయిడ్స్ వ్యాధి ప్రకృతిసిద్ధము కాదనియు, మేరీలాండు రాష్ట్రమందలి ఫోర్ట్ డెట్రిక్ అను సైనిక ప్రయోగశాలలో పుట్టినదనియు దాని సారాంశము. ఇది సోవియట్ గూఢచారి సంస్థయగు కె.జి.బి. కల్పన. మాస్కో పత్రికలో వచ్చినచో లోకము శంకించును. అలీన దేశమగు భారతదేశపు పత్రికలో వచ్చినచో నమ్మునని వారి లెక్క.

రెండేండ్లు ఆ కథ నిద్రించెను. 1985 అక్టోబరులో మాస్కోలోని 'లితెరతూర్నయ గజేత' భారతీయ పత్రికనే ప్రమాణముగా చూపి దానిని మేల్కొలిపెను. తూర్పు జర్మనీలోని యాకోబ్ సెగాల్ అను జీవభౌతిక శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రవేషము తొడిగెను. 1987 నాటికి అది 80 దేశములకు పైగా, 30 భాషలకు పైగా వ్యాపించెను. ఆ వ్యాధిక్రిమి మధ్య ఆఫ్రికా ప్రాంతపు చింపాంజీలనుండి 20వ శతాబ్ది తొలి దశాబ్దములలోనే మానవులకు సోకినదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. అట్టి క్రిమిని సృష్టింపగల విద్య ఆనాటికి పుట్టనే లేదు.

అబద్ధమాడినను అతికినట్లుండవలె నని మన సామెత. ఇది ఎట్లు అతికినది? అమెరికా ప్రజారోగ్యశాఖ 1932 నుండి 1972 వఱకు టస్కిగీ అనుచోట సవాయిరోగముగల నల్లజాతీయులను, పెన్సిలిన్ లభించిన పిదపను, చికిత్స చేయకయే పరిశీలించుచు వచ్చెను. ఆ నిజమైన గాయముమీద ఈ అబద్ధము సులభముగా నంటుకొన్నది. ఆ దోషమునకు అమెరికా అధ్యక్షుడు క్లింటన్ 1997లో గాని ప్రభుత్వపక్షమున క్షమాపణ చెప్పలేదు. మాట దక్కించుకొనని ప్రభుత్వము నిజము చెప్పినను వినువా రుండరు.

ఇక ప్రత్యుత్తరము సంగతి. అమెరికా విదేశాంగశాఖ నాయకత్వమున, వివిధ శాఖల అధికారులతో ఒక చిన్న సంఘము 1981లోనే ఏర్పడియుండెను. వారి పద్ధతి తిట్టుట కాదు. ఆ కథ మొదట ఎక్కడ అచ్చైనది, ఎవరిని చూచి ఎవరు వ్రాసిరి, ఏ తేదీన వ్రాసిరి అను వరుసను సాక్ష్యములతో గూర్చి ప్రకటించుట వారి పని. 1987 ఆగస్టులో వెలువడిన వారి నివేదికనుగూర్చి ఆ అక్టోబరులో గోర్బచేవ్ స్వయముగా అమెరికా విదేశాంగమంత్రి షుల్ట్జ్‌తో ఆక్షేపించెను. కాని ఆ మాసాంతముననే సోవియట్ శాస్త్రజ్ఞులు 'ఇజ్వెస్తియా' పత్రికలో ఆ వాదముతో తమకు సంబంధము లేదనిరి. 1992లో రష్యా విదేశీ గూఢచారిశాఖాధిపతి ప్రిమకోవ్ అది తమవారి పనియే యని యొప్పుకొనెను.

నిజము నిలకడమీద తేలును, సత్యమే. కాని ఇచ్చట తేలుటకు తొమ్మిదేండ్లు పట్టినది. ఈలోపల వైద్యుని మాటనే శంకించినవాడు తన్నుతాను కాపాడుకొనుట యెట్లు?

ఆలస్యము పనికిరాదని గ్రహించిన దేశములు కలవు. 2017 ఫిబ్రవరిలో లిథువేనియా పార్లమెంటు అధ్యక్షునకు ఒక ఈమెయిలు వచ్చెను. ఆ దేశరక్షణకై అప్పుడే చేరిన జర్మను సైనికులు ఒక బాలికను చెఱచిరని అందలి యారోపణము. పోలీసులు వెంటనే విచారించిరి. ఆధారములేమియు కానరాలేదని ప్రభుత్వము ప్రజలకు బహిరంగముగా తెలిపెను. కథ అంతటితో ఆగినది. స్వీడను 2018లో ఇంటింటికి ఒక చిన్న పుస్తకమును పంపి, విపత్తులలోను యుద్ధములోను ఎట్లు మెలగవలెనో తెలుపుచు, వార్తయొక్క మూలము నరయవలెనని కూడ బోధించెను. 2022లో ఈ పనికై ప్రత్యేక సంస్థను నెలకొల్పెను.

వేఱొక మార్గమును కలదు. సింగపూరు 2019లో చేసిన చట్టము, వార్త అసత్యమని తోచినచో దానిని దిద్దుమనియో తొలగింపుమనియో ఆజ్ఞాపించు అధికారమును మంత్రుల కొసగినది. త్వరితముగా పని జరుగును, నిజమే. కాని తన్ను విమర్శించు వార్తకు పాలకుడే తీర్పరియగుట క్షేమమా? విదేశీయుల కుట్ర యను పేరు పెట్టి స్వదేశీయుని న్యాయమైన ఫిర్యాదును అణచుట సులభము. కావున నోరు మూయించు ప్రభుత్వముకంటె సాక్ష్యము చూపు ప్రభుత్వమే మేలని నా యభిప్రాయము.

సాక్ష్యము చూపినను పరిశీలించు పాఠకుడు లేనిచో ఫలమేమి? నేడు వార్త పత్రికకొఱకు వేచియుండదు; చేతిలోని ఫోనులో క్షణమున దిగును. నిప్పులేనిదే పొగ రాదని మనము తలయూపుదుము. పొగను మాత్రమే తయారుచేయు నేర్పరులు కలరని ఈ కథ చెప్పుచున్నది. ఎవరు వ్రాసిరి? మొదట ఎక్కడ వచ్చినది? దానికి వేఱొక సాక్ష్యము కలదా? ఈ మూడు ప్రశ్నలను మన బాలురకు ఈ పఠనమందిరముననే అలవాటు చేయవలెను.

కడపట కార్యవర్గమువారికి ఒక మనవి. ఆ అబద్ధపు జాడను పట్టి యిచ్చినవి పాత పత్రికల ప్రతులు. స్థలము చాలదని సంవత్సరాంతమున పత్రికలను తూకమునకు అమ్మివేయక, ఒక్క పత్రికనైన తేదీల వరుసను కట్టలు గట్టి భద్రపఱపుడు. మఱి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపుకొనువారు, ఏనాడు ఎవరేమి చెప్పిరో ఇచటనే సరిచూచుకొందురు గాక!