గ్రంథప్రకటనము – పాఠకాదరణము

(సంఘ వార్షిక మహాసభలోని సాహిత్యగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



 నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును, సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. గ్రంథకర్తగా పేరొందినవాడను గాను. కాని పుస్తకము వ్రాసి, అచ్చువేయించి, నష్టపోయిన యనుభవము మాత్రము నాకు నిండుగ గలదు. గెలిచినవాని మాటకంటె నోడినవాని మాట యొక్కొక్కప్పుడు దారిచూపుటకు హెచ్చుగ నుపకరించును. ఆ ధైర్యముతోనే మీ యెదుట నిలిచితిని.

నిన్నటి సాయంకాలము నలువురు యువకులు తమ వ్రాతప్రతులను నా చేతికిచ్చి, "మాస్టారూ, వీనిని అచ్చువేయించుట యెట్లు? వేయించిన పిమ్మట జనులచే చదివించుట యెట్లు?" అని యడిగిరి. మొదటి ప్రశ్నకు సమాధానము సులభము, రెండవదానికి కష్టము. వారికి విడివిడిగ చెప్పుటకంటె సభలోనే చెప్పుట మేలని తలంచితిని. ఏలయన నా సమాధానములో సగము వ్రాయువారికిని, సగము మనకందఱకును వర్తించును.

పూర్వుల మార్గము

పూర్వము గ్రంథప్రకటనమనగా కృతిసమర్పణమే. నన్నయభట్టునకు రాజరాజనరేంద్రుడు దొరకెను. రాజు వినిన సభ వినును. సభ వినిన దేశము వినును. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధికిచ్చి, భారతమును మాత్రము హరిహరనాథునకే యంకితము చేసెను. పోతన్న తన భాగవతమును రాజుల కీయక శ్రీరామున కర్పించెను. అయినను ఆ భాగవతము తెలుగునాట వ్యాపించుటకు లోపము గలుగలేదు. తాటాకులపై ప్రతులు వ్రాసికొన్న లేఖకులు, గుడిలో పురాణము చెప్పిన పౌరాణికులు, గజేంద్రమోక్షమును పిల్లలచే వల్లెవేయించిన వీథిబడి పంతుళ్లు, పని చేసికొనుచునే పద్యములు పాడుకొన్న స్త్రీలు దానిని ఇంటింటికి చేర్చిరి. రాజు లేకున్నను చదువరులున్నచో గ్రంథము బ్రదుకునని యప్పుడే తేటపడినది.

పదవ శతాబ్ది ప్రాంతమువాడగు రాజశేఖరుడు కావ్యమీమాంసయందు కవి చేయవలసిన పనులను చెప్పుచు, ముగిసిన ప్రబంధమునకు పెక్కు ప్రతులు వ్రాయించి యుంచుమని బోధించెను. ఒకరికడ దాచనిచ్చుట, అమ్ముట, దానము చేయుట, దేశము విడుచుట, అల్పాయువు, అగ్ని, నీరు మున్నగునవి గ్రంథనాశమునకు హేతువులని యాతడు లెక్కపెట్టెను. చదువరులను నాలుగు విధములుగ విభజించినవాడు నాతడే. ఏదియు రుచింపనివాడు మొదటివాడు, గడ్డితోసహా సర్వమును మ్రింగువాడు రెండవవాడు, ఓర్వలేనివాడు మూడవవాడు, తత్త్వమెఱిగి చదువువాడు నాల్గవవాడు. ఈ కడపటివాడు వేయింటికొక్కడని యాతడు విచారపడెను. కవికి కావలసినది ఆ యొక్కడే. వానికి పుస్తకమును చేర్చుటయే మన నేటి సమస్య.

అచ్చు వచ్చిన పిమ్మట

1829వ సంవత్సరమున బ్రౌను దొర వేమన పద్యములను అచ్చువేయించెను. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపట్టణమున ముద్రాలయము స్థాపించి ప్రాచీన గ్రంథములను వెలికిదెచ్చిరి. అప్పటినుండి రాజు స్థానము చదువరులకు వచ్చినది. కాని చదువరులు వేలమంది యైనను ఒక్కచోట నుండరు. వారిని చేరుటకు మన పెద్దలు నాలుగు దారులు కనుగొనిరి.

మొదటిది పత్రిక. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని ప్రారంభించిరి. రాజశేఖర చరిత్రమును 1878 మొదలుకొని ఆ పత్రికలో భాగములుగ ప్రకటించి, 1880లో పుస్తకముగ వెలువరించిరి. పుస్తకము పుట్టకముందే చదువరులు పుట్టి యుండిరి. పిదప చింతామణి పత్రికవారు నవలల పోటీలు పెట్టగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు బహుమతులంది ప్రసిద్ధులైరి. గురజాడ అప్పారావుగారి ముత్యాలసరములు 1910లో ఆంధ్రభారతిలో వెలువడినవి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన భారతిలో వ్యాసము పడుట పండితులకును గౌరవముగ నుండెను.

రెండవది చందా. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము 1907లో దాని మొదటి గ్రంథముగ వెలువడెను. ముందుగ చందాదారులను చేర్చుకొని, చరిత్రమును, శాస్త్రములను తెలుగున వ్రాయించి వారికి పంపుటయే వారి పద్ధతి. కొనువాడు ముందే యుండుటచే వ్రాయువానికి ధైర్యము గలిగెను. తరువాతి కాలమున ఎమెస్కోవారు ఇంటింట సొంత గ్రంథాలయమను పథకమున చేసినపనియు నిట్టిదే.

మూడవది గ్రంథాలయము. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరు తిరిగి పుస్తకశాలలు నెలకొల్పిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా పశ్చిమడెల్టా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఒడ్డు గ్రామములకు పంపిరి. చదువరి పుస్తకముకడకు రాలేనప్పుడు పుస్తకమే చదువరికడకు పోయినది.

నాల్గవది రంగము, సభ, నోటిమాట. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, మార్పులతో పెరిగి 1909లో మరల వెలువడెను. శ్రీశ్రీగారి మహాప్రస్థానమునకు చలముగారు 1940లోనే పీఠిక వ్రాసియుండగా పుస్తకము 1950లోగాని రాలేదు. ఆ పదియేండ్లును ఆ గీతములు పత్రికలయందును, యువకుల నోళ్లయందును సంచరించుచునే యుండెను. ఆలస్యమయ్యెనని క్రుంగిపోవు యువకులు దీనిని గమనింతురుగాక.

నేడు ఈ దారులలో కొన్ని మూతపడినవి. భారతి 1991లో నిలిచిపోయెను. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు మఱి కొన్ని పత్రికలు అచ్చు మానినవి. మఱొకవైపున అచ్చు మిక్కిలి సులభమైనది. ఏబది ప్రతులు కావలెనన్నను వేసి యిచ్చువారు గలరు. చేతిలోని ఫోనులోనే కథను లోకమునకు చూపవచ్చును. పూర్వము అచ్చు దుర్లభము, చదువరి సులభుడు. నేడు అచ్చు సులభము, చదువరి దుర్లభుడు.

నా యనుభవము

1994లో నేనొక శతకము వ్రాసి, నా భార్య గాజులు కుదువబెట్టి వేయి ప్రతులు వేయించితిని. ఆవిష్కరణసభలో పెద్దలు నన్ను కాళిదాసుతో పోల్చిరి, శాలువ కప్పిరి, పుస్తకము నొక్కరును కొనలేదు. మూడువందల ప్రతులు ఉచితముగ పంచితిని. రెండువందలు తీసికొన్న పుస్తకవిక్రేత మరల ముఖము చూపలేదు. మిగిలినవి అటకమీద చెదలపాలైనవి. కొన్నాళ్లకు నేను సంతకము చేసి యొక మిత్రునకిచ్చిన ప్రతి పాతపుస్తకముల కుప్పలో నాకే యెదురుపడెను. పది రూపాయలిచ్చి కొంటిని. ఆ శతకమునకు రొక్కమిచ్చి కొన్నవారిలో నేనును ఒకడను.

ఇది నవ్వుకొనదగిన నష్టము. నవ్వరాని నష్టమొకటి గలదు. దానిని చెప్పుటకే ప్రధానముగ వచ్చితిని.

మా పాఠశాలలో చిత్రలేఖనము నేర్పు మాస్టారొకరుండిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును చూచి, ఆయనకు తన చుట్టుప్రక్కల గ్రామముల మాటలను కూర్పవలెనను కోరిక పుట్టినది. సెలవుదినములందు సైకిలుపై తిరిగి, బండిలోని నొగలు, కాడి, ఇరుసు, ఆకులు, చీల మొదలుకొని కుమ్మరి సారె వఱకు, జాలరి వల వఱకు ఒక్కొక్క భాగమును బొమ్మ గీచి పేరు వ్రాసెను. ఆరు లావైన నోటుపుస్తకములు నిండినవి. వ్రాతతప్పులు చూచుటకు ఒకటి నాకిచ్చెను. తక్కిన యైదింటిని అచ్చువేసెదనన్న యొక ప్రచురణకర్త చేతిలో పెట్టెను. ప్రతి వ్రాసికొనలేదు, రసీదు పుచ్చుకొనలేదు.

మూడేండ్లపాటు నెలకొక్కసారి బస్సెక్కి పోయి యడిగి వచ్చుచుండెను. తుదకు ఆ దుకాణమే మూతపడెను. మాస్టారు మంచముపట్టినప్పుడు నన్ను పిలిచి, "మాస్టారూ, ఆ పుస్తకము లెక్కడ నున్నవో మీరైన కనుగొనుడు. బొమ్మలు బాగుండకపోయినను మాటలు దొరకవు" అనెను. నేను వెదకితిని. తూకమునకు పోయినవని తెలిసినది. ఆయనకా సంగతి చెప్పలేదు.

2017లో నాకడ మిగిలిన బండి పుస్తకమును నూటయేబది ప్రతులు వేయించితిని. నిరుడొక పరిశోధక విద్యార్థిని దానిని గ్రంథాలయమున చూచి, అడ్రసు కనుగొని వచ్చి, "తక్కిన యైదును ఇప్పించెదరా అండీ?" అని యడిగినది. ఆ మాటలు చెప్పిన కుమ్మరులు, జాలరులు గతించిరి. వ్రాసిన మాస్టారును గతించెను. ఒకరికడ దాచనిచ్చుట గ్రంథనాశహేతువని రాజశేఖరుడు చెప్పిన వాక్యమును నేను బడిలో ఎన్నిమార్లు వినిపించితినో! ప్రక్కగదిలోని మిత్రునకు మాత్రము చెప్పలేకపోతిని.

వ్రాయువారికి విన్నపము

నాయనలారా! వ్రాతప్రతి కొక్క ప్రతియే యుండనీయకుడు. కంప్యూటరులో నొకటి, కాగితముపై నొకటి, వేఱొక యింట నొకటి యుంచుడు.

అచ్చునకు ముందు మీ బంధువులు గాని యిద్దఱిచే చదివింపుడు. పత్రికకు పంపదలచినచో ముందు ఆ పత్రికను ఒక యేడు చదువుడు. చదువని పత్రికకు వ్రాయుట ఎఱుగని యింటికి పెండ్లి సంబంధము పంపుట వంటిది.

ఒడంబడిక వ్రాతమూలముగ నుండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి హక్కు బదిలీపత్రమున గడువు చెప్పనిచో నది యైదేండ్లుగ నెంచబడును. ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకే వర్తించును. రచయిత జీవితకాలమును, తరువాత అఱువదియేండ్లును ఆ హక్కు నిలుచును. సర్వహక్కులు శాశ్వతముగ నిచ్చితినను కాగితముపై తొందరపడి సంతకము చేయకుడు.

స్వయముగ వేయించుకొన్నచో వేయి ప్రతులకు పోకుడు; రెండువందలు చాలును. ప్రూఫులు మీరొకమాఱు, ఇతరులొకమాఱు దిద్దవలెను. విక్రేత ధరలో మూడవవంతో, అంతకు మించియో కమీషను కోరును. దానిని ముందే లెక్కగట్టుడు. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య మన దేశమున ఉచితముగ లభించును. 1954 నాటి చట్టము ప్రకారము ప్రచురణకర్త ముప్పది దినములలోపల కలకత్తా జాతీయగ్రంథాలయమునకును, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్ణీత గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. దీనిని భారముగ నెంచకుడు. మీ యటకమీది ప్రతులు చెదలు తినినను అచ్చట నొకటి మిగులును.

పీఠికలకై పదిమంది పెద్దల చుట్టు తిరుగకుడు. పొగడ్త చదువరిని గుమ్మముదాక తెచ్చును. లోపలికి తెచ్చునది మీ మొదటి పుటయే. ఉచితముగ పంచకుడు. చదివి, నచ్చకున్న నచ్చలేదని చెప్పగలవారికి మాత్రము పంపుడు.

సంఘమువారికి విన్నపము

పెద్దలు క్షమింతురుగాక! మన సంచికలయందు దాతల చిత్రపటములకు తళుకు కాగితము నిత్తుము. ఇచ్చుట న్యాయమే, వారి దయ లేనిచో సంచికయే లేదు. కాని ఆ ధనములో నొక పాలు గ్రంథములకు దక్కవలెనని నా ప్రార్థన. ఏటేట రెండు గ్రంథములను ఎన్నుకొని, ఒక్కొక్కటి నూఱుప్రతులు ముందుగ రొక్కమిచ్చి కొని, మన విద్యార్థి వసతిగృహములకును, గ్రామ గ్రంథాలయములకును పంపుడు. విజ్ఞానచంద్రికవారి చందాపద్ధతియే యిది.

అయితే "మనవాడు వ్రాసెను గనుక కొందము" అను మాట మాత్రము వలదు. ఆ మాట విన్న గ్రంథకర్త చెడును. అట్లు కొన్న పుస్తకము విప్పబడదు. ఎన్నుకొను ముగ్గురు పరీక్షకులలో నిద్దఱు మన సంఘమునకు వెలుపలివారై యుండవలెను. సంఘము కాగితమునకు సాయము చేయవచ్చును; గుణమునకు సాయము చేయలేదు. నేను చెప్పిన మాస్టారు మన సంఘమువాడు గాడు. ఆయన కూర్చిన మాటలును ఏ యొక్క కులమువియు గావు. ఆనాడు ఏ సంఘమైనను ఆ యైదు పుస్తకములకు ప్రతులు వ్రాయించియున్నచో, ఆ కీర్తి ఆ సంఘమునకే దక్కియుండెడిది. మనము చేసియుంటిమని చెప్పుకొను భాగ్యము మనకు తప్పిపోయినది.

తుదకొక చిన్న కోరిక. ఈ మహాసభ ముగిసి యిండ్లకు పోవునప్పుడు ప్రతివారును ద్వారముకడనున్న బల్లమీద ఒక్క పుస్తకమును ధరయిచ్చి కొని, చదివి, వ్రాసినవానికి ఒక్క కార్డో, ఫోనులో నొక్క మాటో పంపుడు. బాగున్న బాగున్నదనుడు, తప్పున్న తప్పు చూపుడు. శాలువలు పెట్టెలో మూలుగును. చదివితినని వ్రాసిన మాట వ్రాయువానిచే మఱియొక పుట వ్రాయించును.