రైలు గేటు ఎర్రదీపం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



చాదర్‌ఘాట్‌లో చదువుకున్న మనకు రైలు కూత కొత్త కాదు. ఇటు కాచిగూడ, అటు మలక్‌పేట. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు వెలిశాయి.

ఆ కాలంలో సిగ్నల్ అంటే స్తంభం మీద ఒక రెక్క, రాత్రికి దాని వెనుక కిరసనాయిలు దీపం. లాంప్‌మన్ నిచ్చెన ఎక్కి ఆ దీపాలు చూసుకునేవాడు. పచ్చరంగు కోసం పెట్టే అద్దం కాస్త నీలంగా ఉండేది. కిరసనాయిలు మంట పసుపు కదా, రెండూ కలిస్తే దూరానికి పచ్చగా కనిపించేది.

మొదట్లో ఇంగ్లండులో తెల్లదీపం కనిపిస్తే రైలు పోవచ్చని అర్థం. ఎర్ర అద్దం పగిలి ఊడిపోతే, ఆగమనాల్సిన దీపమే తెల్లగా మారి రమ్మనేది. అందుకే తర్వాత తెలుపును మానేసి, ఆ పని ఆకుపచ్చకు అప్పగించారు. రెక్కను లాగే తీగ తెగినా, ఎదురు బరువు దాన్ని ‘ఆగు’ స్థితికే తెస్తుంది. పరికరం చెడితే రైలు ఆగాలి గాని ముందుకు పోకూడదు. మా వృత్తిలో ఇది మొదటి పాఠం.

లెవెల్ క్రాసింగ్ దగ్గరా ఇదే సూత్రం. పాత గేట్లకు పగలు ఎర్రబిళ్ల, రాత్రి ఎర్రదీపం గుర్తు. ఇంటర్‌లాకింగ్ ఉన్న చోట గేటు వేసి తాళం పడితే గాని రైలుకు సిగ్నల్ ఇవ్వడం కుదరదు. అమెరికాలో కాపలావాడు లాంతరు ఊపేవాడు. 1909లో ఆల్బర్ట్ హంట్ అనే ఇంజనీరు అలాగే ఊగే ఎర్రదీపపు యంత్రం చేశాడు.

ఇవేవీ లేని చోట ఏమవుతుందో మనం చూశాం. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర రైలు స్కూలు బస్సును ఢీకొంది. అక్కడ గేటు లేదు, దీపం లేదు, కాపలా మనిషి లేడు. పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2019 నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని క్రాసింగులు లేకుండా చేశారు.

అయినా, వేసిన గేటు కింద నుంచి స్కూటరు వంచి దూరేవాళ్లు ఇంకా ఉన్నారు. తాళం రైలు సిగ్నల్‌కు వేయగలం, మనిషి తొందరకు వేయలేం. గురువులు తరగతిలో, మనం ఇంట్లో పిల్లలకు చెప్పాల్సింది ఒక్కటే: గేటు పడితే ఆగాలి. ముందు మనం ఆగితేనే వాళ్లు వింటారు.