పాత కంప్యూటరును పంపివేయునపుడు
(బిలాస్‌పూర్ రైల్వే కాలనీ సభలో చేసిన ప్రసంగపాఠము)



సీలు లేని తపాలా సంచిని మన తపాలా మిత్రులెవరైనను రైలు కెక్కింతురా? సంచి చేతులు మారిన ప్రతిచోట సంతకము పడవలసినదే. అట్టి కట్టుబాటులో పెరిగిన మనమే పాత కంప్యూటర్లను వరండాలో గుట్టపోసి, స్క్రాపు లారీ రాగానే లెక్కపెట్టి ఎక్కించి చేతులు దులుపుకొనుచున్నాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున మన తెలుగు కుటుంబములు ఈ ఊరికి వచ్చినపుడు సర్వీసు రిజిస్టర్లు తాళము వేసిన బీరువాలో ఉండెడివి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. నేడు మన భవిష్యనిధి ఖాతా, వైద్య వివరములు, నామినీ పేరు, తపాలా పొదుపు ఖాతాదారుల సంతకములు అన్నియు కంప్యూటర్లలోనే ఉన్నవి. బీరువాను ఎవరును తాళము తీసి అమ్మలేదు గదా!

ఫైలును తొలగించితిమని మనము అనుకొనునపుడు సాధారణముగా పోవునది విషయసూచికలోని పేరు మాత్రమే. పుటలు అట్లే ఉండును. పాత హార్డ్‌డిస్కుపై ఆసాంతము వేరు అక్షరములు వ్రాయించవలెను, లేదా బలమైన అయస్కాంత యంత్రముతో చెరపవలెను. సాలిడ్ స్టేట్ డ్రైవుపై అయస్కాంతము పని చేయదు; తయారీదారు ఇచ్చిన చెరుపు ఆజ్ఞనైనను వాడవలెను, చిప్పులనైనను పొడి చేయవలెను. పెద్ద జిరాక్సు యంత్రములలోను డిస్కు ఉండవచ్చును. ఈ సంగతి చాలమందికి తట్టదు.

అమెరికాలోని మోర్గన్ స్టాన్లీ సంస్థ 2016లో రెండు డేటా కేంద్రములను మూసివేసినది. పాత యంత్రములను వదిలించు పనిని, సమాచారమును చెరపుటలో అనుభవము లేని సామాను రవాణా కంపెనీకి అప్పగించినది. ఖాతాదారుల వివరములతోనే కొన్ని యంత్రములు వేలములో అమ్ముడైనవి. 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో మరి 3.5 కోట్ల డాలర్లు జరిమానా పడినది. ఆ సంస్థ కట్టగలిగినది. మన వద్ద అట్లు జరిగినచో మెమో వచ్చునది స్టోర్సు గుమాస్తాకే!

ఇక రెండవ సంగతి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము, వేయి పరికరములకు తగ్గకుండ వాడు సంస్థలు తమ ఈ-వ్యర్థమును నమోదైన ఉత్పత్తిదారులకు, మరమ్మతుదారులకు లేదా రీసైక్లర్లకే అప్పగించవలెను. యు.పి.ఎస్. బ్యాటరీలకు 2022 నాటి వేరు నియమములున్నవి. ఎక్కువ ధర పలికెనని ఎవరికో ఇచ్చినచో, ఆ తీగలు ఢిల్లీ సీలంపూర్ వంటి చోట్ల చేరి, రాగి కొరకు కాల్చబడవచ్చును. ఆ పొగ పీల్చువారును కార్మికులే.

కావున మనము కోరునది ఇది: డిస్కు నంబరు డెడ్‌స్టాక్ రిజిస్టరులో ఎక్కవలెను, చెరపుట ఇద్దరి సమక్షమున, డ్యూటీ వేళలోనే జరుగవలెను, చెరిపినట్లు ధ్రువపత్రము లేనిదే లారీ గేటు దాటరాదు. శాఖా కార్యదర్శులు తమ తమ ఆఫీసులలో మూలబడియున్న యంత్రముల జాబితాను వచ్చే సమావేశమునకు తేవలసినదిగా కోరుచున్నాము.